పొగమంచు పొద్దున బుట్ట మూత తీయొచ్చా?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న నా మాటల్లో చెప్తాను, ఏదైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిచెయ్యి. మీది మిర్యాలగూడ, హోమర్లు, అంటే ఎంత దూరం తీసుకెళ్లి వదిలినా ఇంటికి ఎగిరొచ్చే రేసు పావురాలు, పెట్టి మూడేళ్లయింది. డిసెంబరులో మంచిర్యాల రేసుకు 20 పంపితే ఆరు రాలేదు. ఇప్పుడు క్లబ్బోళ్లు జనవరి రెండో ఆదివారం మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి రేసు అంటున్నారు. ఇంట్లో నాయనమ్మ "నోరు లేని జీవాలు, ఉసురు తగుల్తది బిడ్డా" అంటోంది. ఇంకెవరో "బయటి దేశాల్లో చలికాలం రేసులే పెట్టరు, మీరు చేసేది హింస" అన్నారు. పంపాలా, మానాలా, అసలు గూడే ఎత్తేయాలా అని అడిగావు.

నేను నల్లగొండలో 27 ఏళ్లుగా పావురాలు సాకుతున్నాను, అందులో 18 ఏళ్లు రేసులకు పంపాను, ఇప్పటికీ పంపుతాను కానీ చాలా తగ్గించాను. ఎందుకు తగ్గించానో కింద చెప్తా. నీకు కావాల్సిన జవాబు మాత్రం ముందే ఇచ్చేస్తున్నా: ఈ జనవరి రేసుకు పంపకు. గూడు ఎత్తేయాల్సిన పని లేదు.

బయటి దేశాల మాట నిజమే, కానీ సగం నిజం. ఇంగ్లండులో రేసులు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పెడతారు. అక్కడ చలికాలం అంటే ఎనిమిది గంటల పగలు, మంచు, వాన. ఆ లెక్క తెచ్చి మన నెత్తిన పెడితే ఎట్లా? మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీల ఎండలో 300 కిలోమీటర్లు ఎగరేస్తే అదీ హింసే, జూన్ నుంచి వానలు, ఆ వానల్లోనే ఈకలు రాలడం మొదలవుతుంది, మరి మిగిలింది ఏ కాలం? మన దక్కన్‌లో రేసు పెట్టాలంటే చలికాలమే. చలి వల్ల పావురం చస్తుందనుకోవడం కూడా సరికాదు. దాని ఒళ్లు ఎప్పుడూ 41, 42 డిగ్రీల వేడి మీద ఉంటుంది, ఈకలు పొంగించుకుని కూర్చుంటే మన 12 డిగ్రీల చలి దానికి లెక్కలో లేదు. మనం స్వెట్టర్లేసుకుని వణుకుతూ "అయ్యో పాపం పిట్టలు" అంటుంటే అవి హాయిగా గోడ మీద ఎండ కాగుతుంటాయి. పొడి చలితో ఇబ్బంది లేదు, తడిసిన ఈకలతోనే ఇబ్బంది.

అసలు గొడవ పొగమంచుతో, పొద్దు గుంకే టైముతో. ఇంకొకటి, మన తొందరతో.

పావురం ఇల్లు ఎట్లా పడుతుందనే దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు గానీ కొన్ని సంగతులు గట్టిగా తేలాయి. ఎండ ఉంటే సూర్యుణ్ణి చూసి దిక్కు పడుతుంది, అదీ ఒంట్లో ఉన్న గడియారంతో కలిపి లెక్కేసుకుని. పావురాలను గదిలో పెట్టి, లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ వాటి పొద్దును ఆరు గంటలు జరిపి, ఆ తర్వాత ఎండలో వదిలితే ఇంటి దిక్కుకు దాదాపు 90 డిగ్రీలు పక్కకు పోయాయి. మబ్బు పట్టినప్పుడు భూమి అయస్కాంతం మీద ఆధారపడతాయని 1971లో కీటన్ అనే అమెరికా శాస్త్రవేత్త అన్నాడు, ఇది మాత్రం ఇంకా గట్టిగా తేలలేదు. అతని ప్రయోగంలో వీపు మీద చిన్న అయస్కాంతం అతికించిన పావురాలు ఎండ రోజు బాగానే దారి పట్టాయి, మబ్బు రోజు తికమకపడ్డాయి. ఇటలీవాళ్లు వాసన పట్టి కూడా దారి తెలుసుకుంటాయన్నారు. ఇంగ్లండులో జీపీఎస్ కట్టి చూస్తే కొన్ని పావురాలు హైవే వెంబడే ఎగిరి, జంక్షన్ రాగానే మనలాగే మలుపు తీసుకున్నాయి. మా నార్కట్‌పల్లి చౌరస్తా మీదుగా వచ్చేవాటిని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, 1970లలో ఇంకో ప్రయోగం చేశారు. పావురాల కళ్లకు గరుకు అద్దం లాంటి లెన్సులు పెట్టి, దూరం ఉన్నదేదీ కనపడకుండా చేసి వదిలారు. చిత్రమేమిటంటే అవి ఇంటి దగ్గరి దాకా వచ్చేశాయి, వాటిలో చాలా వాటికి చివరి కొద్ది దూరమే కుదరలేదు. అంటే దిక్కు తెలియడం వేరు, మన మిద్దె కనపడడం వేరు. అందుకే వదిలే చోట ఆకాశం బాగుందా అని మాత్రమే అడిగేవాణ్ణి నేను నమ్మను, దిగే చోట ఎట్లుంది అని కూడా అడగాలి. మీ మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాలువ నీళ్లు. డిసెంబరు, జనవరి నెలల్లో యాసంగి నాట్ల కోసం మళ్లన్నీ నీళ్లతో నిండి ఉంటాయి. రాత్రి గాలి లేకపోతే పొద్దున్నే ఆ నీళ్ల మీద నుంచి లేచిన మంచు ఎంత మందంగా ఉంటుందో నీకే బాగా తెలుసు, రైస్ మిల్లు గొట్టాలు కూడా కనపడవు. అటు బల్లార్షా పక్కన వార్ధా నది, చంద్రాపూర్ బొగ్గు గనులు, థర్మల్ ప్లాంటు పొగ. రెండు వైపులా మసకే.

ఇప్పుడు లెక్క చేద్దాం, ఎందుకంటే ఈ లెక్క ఏ క్లబ్బూ బోర్డు మీద రాయదు. బల్లార్షా మాకు గాలి దారిన 310 కిలోమీటర్లు, మీకు 330 అనుకో. మంచు విడిచేసరికి పది అవుతుంది. ముందొచ్చే పావురం గంటకు 75 కొడితే రెండున్నర లోపే మీ ఇంటి మీద ఉంటుంది, అందరూ దాని ఫొటోనే పెడతారు. వెనకబడినది గంటకు 45 చొప్పున వస్తే ఏడు గంటల ఇరవై నిమిషాలు, అంటే సాయంత్రం ఐదు ఇరవై. ఆ వారంలో మనకు పొద్దు గుంకేది దాదాపు ఐదు యాభైకి. మిగిలింది అరగంట. ఆ అరగంటలోనే అది నీళ్లకు దిగాలి, డేగ తరిమితే పక్కకు పోయి మళ్లీ దారి వెతుక్కోవాలి. ఎగరేసేవాడు ఇంకో గంట తాత్సారం చేసి పదకొండుకు వదిలాడంటే ఆరు ఇరవై, అది చీకటి. చీకటి పడితే పావురం ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. ఏ పాత బురుజు మీదో, ఏ మిల్లు షెడ్డు మీదో దిగితే బతికిపోయినట్టు, చెరువు కట్ట మీద దిగితే పొద్దున్నే కుక్కకో పిల్లికో ఫలహారం.

అన్ని క్లబ్బులూ టైము వేసుకునేది గెలిచే పావురాన్ని బట్టి. వేసుకోవాల్సింది అన్నిటికన్నా నిదానంగా వచ్చేదాన్ని బట్టి. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే నువ్వడిగిన నీతి ప్రశ్నలో ముప్పాతిక తేలిపోతుంది. గెలిచేది ఏ రోజు వదిలినా వస్తుంది, వెనకబడేవి బతకడమే మనం పెట్టే టైము మీద ఆధారపడి ఉంటుంది.

నా సంగతి చెప్తానన్నాను కదా. ఏడేళ్ల కింద ఇదే జనవరి, ఇదే బల్లార్షా. 22 పంపాను. బుట్టల వెంట వెళ్లినతను పొద్దున ఏడున్నరకు ఫోన్ చేసి "అన్నా, మసకగా ఉంది, ఆపుదామా?" అన్నాడు. డీసీఎం వ్యాను కిరాయి ఆ రోజుతో అయిపోతుంది, మిగతావాళ్లంతా మిద్దెల మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు, గ్రూపులో అరగంట నుంచి "ఎప్పుడు వదుల్తరు" అని మెసేజులు. నేను "అందరూ ఏమంటే అది" అన్నాను. ఎనిమిదింబావుకు వదిలారు. ఆ రోజు ఎనిమిది వచ్చాయి, మర్నాడు మూడు. అతను అడిగాడు, నేను వద్దనలేదు, అది నా తప్పే.

రానివాటిలో ఒక బూడిద రంగు పెంటి, అంటే ఆడది, ఉంది. దాన్ని గుడ్ల మీద నుంచి తీసి పంపాను, గుడ్లు పెట్టి పదో రోజు. మనోళ్లందరికీ తెలిసిన కిటుకే ఇది, గుడ్ల మీద ఉన్నదాన్ని పంపితే ఆగకుండా వస్తుంది. నీకు తెలుసు కదా, పగటి పూట మగది పొదుగుతుంది, సాయంత్రం నాలుగైదు గంటలకు పెంటి వచ్చి కూర్చుని మర్నాడు పొద్దెక్కేదాకా అదే ఉంటుంది. ఆ సాయంత్రం మగది టైముకు లేచింది, గుడ్లున్న మూకుడు అంచు మీద నిలబడింది, గూటి తలుపు వైపు చూస్తూ మెడ ముందుకూ వెనక్కూ ఆడిస్తోంది, మళ్లీ ఎక్కి కూర్చుంది. రాత్రంతా అదే పొదిగింది. రెండో రోజు సాయంత్రం కూడా అంతే, లేచి నిలబడి చూసి మళ్లీ కూర్చుంది. నాలుగో రాత్రి దిగిపోయింది. పొద్దున గుడ్లు పట్టుకుంటే రాళ్లలా చల్లగా ఉన్నాయి. తీసేశాను.

పదకొండో రోజు తెల్లారుజామున అది వచ్చింది. గూటి ముందు దిగే పలక మీద దిగలేదు, అంత ఎత్తు నుంచి సరిగ్గా వాలే ఓపిక లేనట్టుంది, నీళ్ల ట్యాంకు మీద దిగి అక్కడి నుంచి గోడ మీద నడుచుకుంటూ వచ్చింది. పట్టుకుంటే అరచేతిలో బరువే లేదు, బొటనవేలు రొమ్ము మీద పెడితే ఎముక కత్తి అంచులా తగిలింది. ఎడమ రెక్క కింద ఆకుపచ్చ మాంజా దారం, చర్మంలోకి కోసుకుపోయి రక్తం ఎండిపోయి ఉంది. నీళ్ల గిన్నెలో ముక్కు ముంచి తల ఎత్తకుండా ఎంతసేపు తాగిందో. తర్వాత తిన్నగా పోయి ఆ ఖాళీ మూకుట్లో కూర్చుంది. మన దగ్గర పావురం అంటే పిట్ట ఒక్కటే కాదు, ప్రేమ కూడా, "చిన్న కొడుకు మీద పావురం ఎక్కువ" అంటాం. నేను ఆ పావురాన్నే తాడు చేసి 310 కిలోమీటర్లు గుంజాను. అప్పటి నుంచి గుడ్ల మీద ఉన్నదాన్నీ పిల్లలున్నదాన్నీ 100 కిలోమీటర్లు దాటి పంపడం మానేశాను. జంటను విడదీసి ఉంచి, పంపే ముందు ఒక్క నిమిషం చూపించి బుట్టలో వేసే పద్ధతి కూడా ఉంది, బయటి దేశాల్లో అదే ఎక్కువ. ఆకాశం బాగున్న రోజు, తగిన దూరానికి అయితే దాన్ని నేను పెద్ద తప్పు అనను. మసక రోజు మాత్రం అది మోసం. "పోనీలే, దిగి ఆగుదాం" అని పిట్టకు తోచే అవకాశం కూడా లేకుండా చేస్తున్నాం కదా.

మాంజా సంగతి వచ్చింది కాబట్టి, నీ రేసు తేదీ సరిగ్గా సంక్రాంతి వారంలో పడింది, గమనించావా? నైలాన్ మాంజాను ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2017లో దేశమంతా నిషేధించింది, అయినా ప్రతి జనవరిలో దాచిపెట్టి అమ్ముతూనే ఉన్నారు. పావురం ఇంటి దగ్గర కిందికి దిగుతూ వచ్చే ఎత్తూ పతంగి ఎగిరే ఎత్తూ ఒకటే. దారంతా క్షేమంగా వచ్చిన పిట్ట మన వీధిలో తెగి పడుతుంది. చలికి ఒకరిని తిట్టొచ్చు, పొగమంచుకు దేవుణ్ణి తిట్టొచ్చు, సంక్రాంతి వారం రేసు పెట్టినందుకు ఎవరిని తిడతాం? క్యాలెండరు గోడకే ఉంది కదా. భోగికి వారం ముందు నుంచి కనుమ దాటి నాలుగు రోజుల దాకా మా గూడు తలుపు తీసేది పొద్దున ఒక్క గంటే, పతంగులు లేవక ముందు.

డేగలు కూడా ఈ కాలంలోనే ఎక్కువ. బైరి డేగ ఉత్తరాన చలి పడగానే ఇటు దిగుతుంది, సెల్ టవర్ మీదో గుట్ట కొసన రాయి మీదో కూర్చుని ఉంటుంది. మా కాపురాల గుట్ట వైపు ఒకటి ఏటా కనపడుతుంది. దాన్ని తప్పు పట్టలేం, దాని తిండి అది. కొందరు గులేరు పట్టుకుని తిరుగుతారు, విషం పెడతామనేవాళ్లనూ విన్నాను. అది 1972 వన్యప్రాణి చట్టం కింద మొదటి షెడ్యూల్లో ఉన్న పక్షి, ముట్టుకుంటే జైలే. మనం చేయగలిగింది ఒక్కటే, దారి తప్పి ఒంటరిగా తిరిగే పిట్టలను తయారు చేయకపోవడం. గుంపుగా, తిన్నగా వచ్చేవాటిని డేగ కొట్టడం కష్టం. మంచులో చెదిరి, అలసి, చెట్ల ఎత్తున ఒక్కటొక్కటే వచ్చేవి దానికి వడ్డించిన విస్తరి.

బుట్టల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అదే మంట. శనివారం సాయంత్రం డీసీఎంలో ఎక్కిస్తారు, రాత్రంతా ప్రయాణం. ముందు వరుస బుట్టలకు ఈదురుగాలి తిన్నగా కొడుతుంది, టార్పాలిన్ మొత్తం కప్పితే మధ్య వరుసలకు గాలాడదు, వాటి ఊపిరితోనే లోపల చెమ్మ పట్టి ఈకలు మెత్తబడతాయి. పదిహేను పట్టే దాంట్లో ఇరవై ఐదు కుక్కడం, చలికాలమే కదా దాహం ఉండదులే అని నీళ్లు పెట్టకపోవడం. పొడిగాలిలో ఐదారు గంటలు ఎగరాల్సిన పిట్ట పొద్దున నీళ్లు తాగకుండా లేస్తే మధ్యాహ్నానికి ఏదో ఒక కుంటలో దిగకుండా ఎట్లా ఉంటుంది? జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో పదకొండో సెక్షను చదువు. అనవసరమైన బాధ కలిగేలా మోసుకుపోవడం, కదలడానికి చాలనంత ఇరుకు పంజరంలో ఉంచడం, రెండూ అందులో నేరాలే. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై, చాయ్ ఖర్చు కూడా కాదు, అందుకే ఎవరికీ భయం లేదు. "మీరు చేసేది హింస" అన్నవాళ్లకు నిజంగా పట్టుకోవాల్సింది కావాలంటే చలిని వదిలేసి ఈ బుట్టలను చూడమను.

ఇంకొకటి, పంపే ముందు రెక్క విప్పి చూశావా? పెద్ద ఈకలు పది ఉంటాయి, వానాకాలం నుంచి ఒక్కొక్కటే రాలి కొత్తది వస్తుంది. చిట్టచివరి ఈక డిసెంబరు దాకా పూర్తిగా ఎదగని పావురాలు చాలా ఉంటాయి. ఈక మొదట్లో నీలంగా, రక్తం ఉన్న గొట్టంలా కనపడితే అది ఇంకా పెరుగుతోందని లెక్క. అట్లాంటిది ఇంటి చుట్టూ ఎగరొచ్చు గానీ 300 కిలోమీటర్లు కాదు. నీ ఆరింటిలో ఎన్ని అట్లాంటివో నాకు తెలీదు, నువ్వు వయసు కూడా రాయలేదు. ఆగస్టు, సెప్టెంబరు పిల్లలైతే మంచిర్యాల వాటికి ఎక్కువే. నా పద్ధతి ఇది, మొదటి చలికాలంలో నార్కట్‌పల్లి, మోత్కూరు, జనగామ, చివరకు కాజీపేట, అక్కడితో ఆపు. అది వంద కిలోమీటర్ల పైచిలుకు. ఉత్తరం దారి అంతా ఒకే గీత మీద ఉంటుంది కాబట్టి రెండో ఏడు మంచిర్యాల వాటికి కొత్తగా అనిపించదు. మేత కూడా చూసుకో, పొడుగు దూరానికి కాల్చేది ఒంట్లో కొవ్వే, ముందు మూడు రోజులు మక్కలతో పాటు కాసిని కుసుమలు, పల్లీ పలుకులు. పంపే పొద్దున మాత్రం కడుపు నింపొద్దు.

ఇక డబ్బు. 2020లో బెల్జియంలో న్యూ కిమ్ అనే ఒక పెంటి పావురం 16 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది, ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి మన కుర్రాళ్ల కళ్లు తిరిగిపోతున్నాయి. మన దగ్గర అంత లేదు, ఎంట్రీ ఫీజు, కప్పు, లోపల్లోపల పందేలు. పందెం అయితే గేమింగ్ చట్టం కింద వేరే తంటా. కానీ నేను గమనించింది ఏంటంటే, ఫీజు కట్టాక, డీసీఎం కిరాయి పంచుకున్నాక "ఈ రోజు ఆపుదాం" అనే నోరు ఎవరికీ లేవదు. నాకూ లేవలేదు. అందుకే ఇప్పుడు నేను చేరే గుంపులో ఒకటే షరతు పెడతాను, ఒక రోజు ఆగడానికి అయ్యే కిరాయి, మేత ముందే కలిపి వసూలు చేయాలి. ఆ డబ్బు చేతిలో ఉంటే ఆపడం తేలిక, మిగిలితే వెనక్కి ఇచ్చేయొచ్చు. కొందరు నవ్వారు, ఇద్దరు మానుకున్నారు, పోనీ.

ఆపాలా వదలాలా అనేది ఎట్లా తేల్చాలి అంటావేమో. వెంట వెళ్లినతను "బాగుంది అన్నా" అంటే చాలదు, వీడియో పంపమను, ఆకాశం వైపు కాదు, నేల కలిసే చోటు వైపు. దూరంగా ఉన్న గుట్ట, టవర్ అంచులు గీత గీసినట్టు కనపడాలి. ఇక్కడ నేను మిద్దె మీద నిలబడి లతీఫ్ సాబ్ గుట్ట చూస్తాను. పైన దర్గా గోడలు విడిగా కనపడితే సరే, గుట్టంతా ఒకే నీలం ముద్దలా ఉంటే కాదు. నువ్వు మీ ఊళ్లో అట్లాంటిది ఏదో ఒకటి పెట్టుకో. రెండు వైపులా కనపడేసరికి పది దాటితే ఆ రోజుకు వద్దు. బంగాళాఖాతంలో తుఫాను ఉందంటే అసలు బుట్టే కట్టొద్దు, డిసెంబరులో మనకు వచ్చే ఆ ముసురు రెండు మూడు రోజులు విడవదు.

ఇంత జాగ్రత్త పడ్డా నష్టం సున్నా అవుతుందని నేను చెప్పను, చెప్పేవాణ్ణి నమ్మకు. 1997 జూన్‌లో, అంటే వాళ్లకు నిండు ఎండాకాలం, ఫ్రాన్సులోని నాంత్ నుంచి ఇంగ్లండుకు 60 వేల పావురాలను వదిలితే వేలకు వేలు మాయమయ్యాయి. కాంకార్డ్ విమానం శబ్దం వల్ల అన్నారు, ఇంకేదో అన్నారు, గట్టిగా తేలలేదు. తెలియకుండా వచ్చిపడే ఆపద వేరు. కళ్ల ముందు మంచు కనపడుతుంటే మూత తీయడం వేరు. మొదటిదానికి బాధపడతాం, రెండోదానికి జవాబు చెప్పాలి. ఒడిశా పోలీసుల దగ్గర 1946 నుంచి పావురాల టపా ఉండేది, 1982 వరదల్లో బాంకీ ఊరికి దారులన్నీ తెగితే అవే కబుర్లు మోశాయి. ఆ రోజు ఆకాశం బాగాలేదని ఆగితే మనుషులు పోతారు, ఎగరేశారు, న్యాయమే. మన బల్లార్షా కప్పు వచ్చే నెల తెచ్చుకున్నా ఎవరి ప్రాణమూ పోదు.

నాయనమ్మ మాటకు వద్దాం. ఆమె చెప్పేది కొట్టిపారేయకు, కానీ ఆమె అనుకున్నట్టు గూళ్లు తెరిచి అన్నిటినీ వదిలేస్తే పుణ్యం రాదు. హోమర్ ఎక్కడికీ పోదు, సాయంత్రానికి నీ మిద్దె మీదే కూర్చుంటుంది. మూసేస్తే నెల తిరక్కుండా సగం పిల్లుల పాలు. ఎవరికో అమ్మితే అసలు హింస అక్కడ ఉంది, ఓడిన పావురాలు సంతలో ఎవరి చేతికి పోతున్నాయో, పక్షవాతానికి మంచిదని ఎవరి కూర గిన్నెలో పడుతున్నాయో నువ్వు అడిగావా? రేసులో పోయినవాటి గురించి నీతి మాట్లాడే చాలామంది, తిరిగొచ్చి నాలుగో స్థానంలో ఉన్నదాన్ని రెండొందలకు అమ్మేస్తారు. నా దగ్గర పదమూడేళ్ల మగది ఒకటి ఉంది, ఎగరలేదు, గింజలు తిని గురక పెడుతుంది, ఉండనీ.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది. క్లబ్బుకు ఫోన్ చేసి సంక్రాంతి దాటాక, నెలాఖరుకో ఫిబ్రవరి మొదటి వారానికో జరపమని అడుగు, అప్పటికి పగలు కాస్త పెరుగుతుంది, మంచు కాస్త తగ్గుతుంది. ఒప్పుకోకపోతే ఫీజు పోనీ. ఒప్పుకుంటే ఇరవై కాదు, రెండేళ్లు దాటినవి, రెక్క నిండినవి నాలుగో ఐదో పంపు. బర్డ్ ఫ్లూ కబురు ఏదైనా వస్తే అదీ వద్దు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు సరిహద్దులో కోళ్ల లారీలు ఆపేశారు గుర్తుందిగా, పది ఇళ్ల పిట్టలను ఒకే బుట్టలో వేసే టైము కాదది.

రాని ఆరింటి సంగతి. ఎన్ని రోజులైందో రాయలేదు, నెల లోపైతే వాటి గూటి గళ్లు వేరేవాటికి ఇవ్వకు. తెల్లారుజామున ఆరుకల్లా పలక మీద నీళ్లు పెట్టు, ఆలస్యంగా వచ్చేవి ఎక్కువగా ఆ టైముకే దిగుతాయి. వచ్చినదానికి వెంటనే మక్కలు పోయకు, ముందు నీళ్లలో చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం కలిపి ఇవ్వు, గంట ఆగి గుప్పెడు జొన్నలు. వాటి కాలి రింగు నంబర్లు నాకు పంపు, మా వైపు దిగిన కొత్త పిట్టలు ఇద్దరు ముగ్గురి దగ్గర ఉన్నాయట, రేపు సాయంత్రం పోయి చూసి చెప్తాను.